బోర్లా పడుకున్న ఎండాకాలం

ఆ రోజుల్లో మా వైపు కుర్రాళ్ళకి వచ్చే రోగాలు రెండు రకాలు. నలుగురికీ చెప్పుకోగలిగినవి, చెప్పుకోలేనివి. మలేరియా, కామెర్లు, కాలు విరగడం లాంటివి మొదటి రకం. అవి వస్తే మనిషికి కాస్త గౌరవం కూడా పెరిగేది, చూడ్డానికి వచ్చినవాళ్ళు బత్తాయిలు పట్టుకొచ్చేవారు. నాకు వచ్చింది రెండో రకం. నడుముకి దిగువన, పిరుదులు రెండూ విడిపోయే చోట, సరిగ్గా తోక ఎముక మీద. (ఈ ఒక్క మాట రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. మా ఆవిడ చదివి, "నయం, బొమ్మ కూడా గియ్యలేదు" అంది.) అక్కడ గడ్డ లేస్తే ఎవరికి చెప్పుకోవాలి, ఎలా చెప్పుకోవాలి? బత్తాయిలు తెచ్చినవాడు "ఎక్కడ?" అని అడిగితే ఎక్కడని చూపించాలి?

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. స్టీల్ ప్లాంటు కట్టడం మొదలైన తొలి రోజులు. కూర్మన్నపాలెం దాటితే కనుచూపు మేరా ఎర్రమట్టి, గోతులు, దుమ్ములో కూరుకుపోయిన లారీలు. ఒక కాంట్రాక్టరు దగ్గర నాకు జీపు తోలే పని దొరికింది. మా ఊళ్ళో చెరుకు బండి తోలినవాణ్ణి, జీపు తోలుతున్నానని మా అమ్మ ఊరంతా చెప్పుకుంది. ఆ జీపు సీటులో దూది ఎప్పుడో పోయింది. స్ప్రింగుల మీద గోనెసంచి మడిచి వేసుకుని కూర్చునేవాణ్ణి. పొద్దున్న ఎక్కితే సందెవేళకి దిగడం, మధ్యలో ఇంజనీర్లని గోతుల్లోంచి గోతుల్లోకి మోసుకుపోవడం. జీపు ఎగిరినప్పుడల్లా నేనూ ఎగిరి, మళ్ళీ అదే చోట, అదే ఎముక మీద పడేవాణ్ణి. చెమట, దుమ్ము, ఖాకీ నిక్కరు మూడూ కలిసి అక్కడ ఏదో ఒప్పందానికి వచ్చాయని నాకేం తెలుసు?

మొదట శనగ్గింజంత గట్టిగా తగిలింది. తర్వాత ఉసిరికాయంత అయింది. జీపు తోలేటప్పుడు ఒక పిరుదు మీదే కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. పక్కన కూర్చున్న పెద్ద ఇంజనీరు గారు ఒకరోజు, "ఏమోయ్, ఈ జీపు ఎడంవైపుకి ఒరిగిపోతోంది, చూపించకూడదూ?" అన్నారు. "జీపు కాదండి, నానే" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు, నేను విప్పి చెప్పలేదు.

నేను ఉండేది గోపాలపట్నంలో మా అక్కా బావా ఇంట్లో. బావ ఒక వర్క్‌షాపులో లేతు మిషను మీద పనిచేసేవాడు. పెద్ద మీసం, తక్కువ మాట. అక్క నేను నిలబడి అన్నం తినడం చూసి, "ఏట్రా, ఎవుడైనా తరుముతన్నాడేటి? కూకుని తిను" అనేది. "డ్యూటీకి టైమైపోతంది" అనేవాణ్ణి. ఆదివారం కూడా అదే మాట చెప్పేసరికి ఆవిడకి అనుమానం వచ్చింది. ప్రేమలో పడ్డానని అనుకుందట పాపం.

ఎవరికీ చెప్పకుండా పూర్ణా మార్కెట్ దగ్గర సీసాలు పేర్చుకుని కూర్చునే ఒక మందులాయన దగ్గరికి పోయాను. "మా సావాసగాడికి" అని మొదలుపెట్టి, చోటు చెప్పలేక చేత్తో గాలిలో సున్నా చుట్టాను. ఆయన నా వైపూ, నేను నిలబడ్డ తీరు వైపూ చూసి, "మీ సావాసగాణ్ణి ఇది ఎచ్చబెట్టి అంటించుకోమను బాబూ" అని నల్లటి జిగురు ఆకులో పెట్టి ఇచ్చాడు. అంటించుకున్నాను. అది అంటుకుంది. ఎంత బాగా అంటుకుందంటే, మూడో రోజుకి పీకుదామంటే వెంట్రుకలతో సహా పట్టుకుని కూర్చుంది, రాలేదు. దాని కింద నుంచి చీము దారి లేక లోపలికి తవ్వుకుంది. జ్వరం ఎక్కింది. ఒళ్ళు తెలియకుండా ఏవేవో గేర్లు వేస్తూ మాట్లాడానట. అక్క దుప్పటి మీద మరక చూసి కెవ్వుమంది. బావ వచ్చి నన్ను బోర్లా తిప్పాడు. లైటు దగ్గరికి జరిపి వంగి చూశాడు.

"ఏటిరా ఇది? ఎనకాతల తారు రోడ్డేసినావేటి?" అన్నాడు చివరికి. నేను నవ్వబోయి ఏడ్చాను. బావ గొంతు మారింది. "ఇన్నాళ్ళూ సెప్పలేదేటిరా? నాను సచ్చిపోనాననుకున్నావా?"

ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. కూర్చోలేను కదా, ఆటో సీటు మీద మోకాళ్ళు వేసి, సీటు వీపు మీద గడ్డం ఆనించి, వెనక్కి తిరిగి ప్రయాణం చేశాను. వెనకాల వస్తున్న సైకిళ్ళవాళ్ళు వెనక పరదాకున్న చిన్న కంతలోంచి నా మొహం చూసి జాలిపడ్డారో భయపడ్డారో తెలియదు కానీ, దారంతా ఎవరూ మా ఆటోని దాటలేదు.

ఆసుపత్రిలో బల్ల మీద బోర్లా పడుకోబెట్టాక సర్జన్ గారు వచ్చారు. ఆయన వెనకాల మెడిసిన్ చదివే పిల్లలు, మగా ఆడా అందరూ. నేను కళ్ళు మూసుకున్నాను. నేను చూడకపోతే వాళ్ళకీ కనిపించనన్న ఆశ. "ఏం పని చేస్తావయ్యా?" అని అడిగారు. "జీపు డ్రైవర్నండి" అన్నాను మూలుగుతూ. ఆయన గొంతులో ఎంత సంతోషం! "చూశారా! పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు! రెండో ప్రపంచ యుద్ధంలో జీపులు తోలిన సిపాయిలకి ఈ జబ్బు తెగ వచ్చింది. దీన్ని జీపు జబ్బనే అనేవారు." అందరూ వంగారు. నా జీవితంలో అంతమంది చదువుకున్నవాళ్ళు నామీద అంత శ్రద్ధ చూపించడం అదే మొదలు, అదే ఆఖరు. ఆయన సన్నటి ఇనుప పుల్ల లోపలికి పోనిచ్చి తిప్పి, పటకారుతో ఏదో లాగి బావకి చూపించారు. తడిసిన వెంట్రుకల కుచ్చు.

బావ బెదిరిపోయాడు. "ఎంటికలేటండి బాబూ? లోపల మొలుత్తన్నాయా?"

"మొలవడం కాదు. రాలిన వెంట్రుకలు చర్మంలోకి గుచ్చుకుని లోపలికి పోతాయి. జీపు ఎగిరినప్పుడల్లా ఇంకాస్త లోపలికి. ముందు చీము తీసేస్తాను. జ్వరం తగ్గాక ఆ సొరంగం మొత్తం కోసి తీసెయ్యాలి. కుట్లు వెయ్యను. తెరిచే ఉంచుతాను. అడుగునుంచి కండ పెరుగుతూ పైకి రావాలి."

"నుయ్యి పూడిసినట్టా?"

"అచ్చం అంతే" అన్నారాయన. ఆలస్యం చేసి ఉంటే చీము రక్తంలో కలిసి మనిషి దక్కేవాడు కాదని కూడా అన్నారు. అది బావతో మెల్లగా అన్నారు కానీ, బోర్లా ఉన్నవాడికి చెవులు బాగా పనిచేస్తాయి.

జ్వరం దిగాక వెన్నులో సూది వేసి ఆపరేషన్ చేశారు. నడుము కింద నా ఒళ్ళు నాది కాకుండా పోయింది. పైన మాత్రం అన్నీ వినిపిస్తున్నాయి. కత్తెరల చప్పుడు, మధ్యలో డాక్టర్లిద్దరూ ఆ పూట చేపలు ఎంత ప్రియంగా ఉన్నాయో మాట్లాడుకోవడం. "ఇంకొంచెం తియ్యి, ఎముక దాకా పోయింది" అంటే చేప గురించో నా గురించో తెలియక కాసేపు ఊపిరి బిగపట్టాను. నా గురించే.

అక్కడినుంచి నా బతుకు బోర్లా బతుకు. వార్డులో మంచం అంచున గడ్డం పెట్టుకుని పడుకుంటే కనిపించేది నేల, నేల మీద పాదాలు. అంతే లోకం. పక్క మంచం మీద నాలాగే బోర్లా, నా వైపే మొహం పెట్టి, ఇంకో మనిషి ఉండేవాడు. యాభై దగ్గర వయసు, హార్బరు కూలీ. ఓడ అడుగున బస్తాలు సర్దే చోటికి పైనుంచి జారిపడి వెన్నుపూస విరిగిందట. నడుము కింద చచ్చుపడిపోయింది. నెలల తరబడి వెల్లకిలా పడుకుని వెనకాల పెద్ద పుండ్లు పడితే, ఇప్పుడు బోర్లా తిప్పారు. వార్డులో అందరూ ఆయన్ని హార్బరు మావ అనేవారు. మొదటిరోజే నన్ను "ఏటల్లుడా, నీకూ నేలే గతా?" అని పలకరించాడు.

పాదాలు చూసి మనిషిని పోల్చుకోవడం నాకు నేర్పింది ఆయనే. నిగనిగలాడే నల్లబూట్లు సర్జన్ గారివి. మడమ చప్పుడు లేకుండా వచ్చే తెల్ల బూట్లు డ్రెస్సింగు చేసే సిస్టరమ్మవి. వాటిని చూస్తే నేను దిండు అంచు పట్టుకునేవాణ్ణి. ముందు తుడుపు కర్ర, వెనక పగిలిన మడమలు వస్తే ఆయా. బాటా చెప్పు ఒకటి ఈడుస్తూ వస్తే అది మా బావ. కాలి వేళ్ళకి వెండి మెట్టెలు, దుమ్ముకొట్టుకున్న వట్టి పాదాలు వస్తే హార్బరు మావ చెప్పడం మానేసి మీసం సర్దుకునేవాడు. ఆయన భార్య. ఆవిడ వచ్చి స్టూలు మీద కూర్చునేది కాదు. మంచం పక్కన నేలమీద చతికిలబడి, తల పైకెత్తి, ఆయన మొహంలోకి చూస్తూ గంజి తాగించేది. "మా పెళ్ళప్పుడు కూడా ఇంతసేపు నా మొకం సూడనేదల్లుడా" అనేవాడాయన. "సూడ్డానికి ఏటుందనీ" అనేదావిడ, గిన్నె తుడుస్తూ.

డ్రెస్సింగు గురించి చెప్పాలి. లోపల కుక్కిన గుడ్డని పొద్దున్న లాగి, కడిగి, మందులో తడిపిన కొత్త గుడ్డ మళ్ళీ కుక్కేవారు. లాగుతుంటే గుడ్డ అయిపోయేది కాదు. మా అక్క కట్టుకునే చీర మొత్తం నాలోంచి తీస్తున్నట్టు ఉండేది. మొదటిరోజు నేను వేసిన కేకకి కిటికీ మీద పావురాలు లేచిపోయాయి. సిస్టరమ్మ మెడలో చిన్న సిలువ వేసుకునే మనిషి, చెయ్యి మెత్తన, మాట కరుకు. "బాబూ, ఇది మగాళ్ళ వార్డు, కాన్పుల వార్డు పక్కన ఉంది" అంది.

ఆవిడ నా పని ముగించి పక్క మంచానికి పోయింది. హార్బరు మావ పుండు నా గాయానికి నాలుగింతలు. ఆవిడ కత్తెరతో కుళ్ళిన చర్మం తీస్తోంది. ఆయన కనురెప్ప కూడా వెయ్యలేదు. నన్నే చూస్తున్నాడు.

"ఎలగుంటాదల్లుడా నొప్పి? సెప్పు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "నీకు తెల్డేటి మావా? అక్కడ కోత్తన్నారు కదా!"

"నాకేటీ తెల్డు. సిస్టరమ్మ సెయ్యెట్టిందో తీసిందో కూడా తెల్డు. పుండు నాదే, నొప్పి మాత్రం నాకు ఇవ్వనేదు దేవుడు." గడ్డం మంచం అంచుకి సర్దుకుని అన్నాడు, "రేపట్నించి నా వొంతు కూడా నువ్వే కేకెయ్. వొట్టినే పోకూడదు."

అలా మొదలైంది మా ఇద్దరి వ్యవహారం. ఆయన డ్రెస్సింగు మొదలవగానే "ఊఁ, అల్లుడా, కానీ" అనేవాడు. నేను "ఓలమ్మో, ఓరి నాయినో, సచ్చిపోనానో" అని ఆయన పేరు మీద కేకలు వేసేవాణ్ణి. "సాలదు, ఇంకొంచెం గట్టిగా. పెద్ద పుండిది" అనేవాడు. వార్డంతా నవ్వేది. కాలు తీసేసిన ముసలాయన కూడా నవ్వేవాడు. "ఇది ఆసుపత్రా, తీర్థమా?" అని సిస్టరమ్మ కసిరేది కానీ, ఆవిడ నవ్వు బిగపట్టుకోవడం ఆ గొంతులో తెలిసేది. నవ్వితే నాకు గాయం లాగేది, ఏడుపొచ్చేది, మళ్ళీ నవ్వొచ్చేది. నా జీవితంలో అంత నవ్విన రోజులు తక్కువ.

ఎండలు ముదిరాయి. నా గాయం అడుగునుంచి ఎర్రగా పూడుతోందని సర్జన్ గారు అన్నారు. ఈలోగా సైటు నుంచి కబురొచ్చింది. నా జీపుకి ఇంకో డ్రైవర్ని పెట్టుకున్నారని. తోక ఎముక మీద మళ్ళీ జీపెక్కితే మళ్ళీ ఇదే తిరగబెడుతుందని సర్జన్ గారు ఎలాగూ అనేశారు. ఆ రోజు నేను దిండులో మొహం దాచుకుంటే హార్బరు మావ అందరిలా ఓదార్చలేదు. "కాళ్ళున్నాయి కదరా" అన్నాడు. ఆ మాట తిట్టులా వినిపించింది.

తర్వాత ఆయనకి వణుకుతో జ్వరం మొదలైంది. దుప్పట్లు కప్పినా మంచం గడగడలాడేది. పాదాల ఆటలో తప్పులు చెప్పడం మొదలుపెట్టాడు. ఆయాని చూసి డాక్టరన్నాడు. మా బావ చెప్పు ఈడ్చుకుంటూ వస్తే, "మా తమ్ముడొచ్చినాడు, ఓడొచ్చిందేటో అడుగు" అన్నాడు. బావ ఆయన మంచం దగ్గరికి జరిగి, "వొచ్చింది మావా. పెద్ద ఓడే" అన్నాడు. డ్రెస్సింగు వేళకి "కానీ అల్లుడా" అనడం కూడా మానేశాడు. నేనే అడిగాను, "మావా, కేకెయ్యనా?" అని. కళ్ళు తెరిచి నా వైపు చూశాడు. నేనెవరో తెలిసిందో లేదో. నేను వేశాను. ఎవరూ నవ్వలేదు.

ఆ మరునాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన మంచం చుట్టూ తెర లాగారు. తెర నేలకి జానెడెత్తున ఆగిపోతుంది. కింద నుంచి నాకు అన్నీ కనిపించాయి. తెల్ల బూట్లు అటూ ఇటూ గబగబా తిరిగాయి. నల్లబూట్లు వచ్చాయి. కాసేపటికి తెల్ల బూట్లు ఒకచోట ఆగిపోయాయి. నల్లబూట్లు తొందరేమీ లేకుండా వెళ్ళిపోయాయి. ఆ నడక చూసే నాకు తెలిసిపోయింది. ఎవరో కబురు పెట్టారు కాబోలు, సాయంత్రం వచ్చే మెట్టెల పాదాలు అప్పుడే పరుగున వచ్చి, గుమ్మం దగ్గర ఆగాయి. లోపలికి రాలేదు. ఒక పాదం మీద ఇంకో పాదం వేసుకుని అలాగే నిలబడ్డాయి. లేచి పోయి ఆవిడ చెయ్యి పట్టుకుందామంటే నా వల్ల కాదు. కనీసం తల తిప్పి ఆవిడ మొహం చూద్దామన్నా మెడ అంతవరకూ తిరగదు. నాకు ఇప్పటికీ ఆవిడ ఏడుపు తెలియదు, పాదాలు తెలుసు.

ఆ సాయంత్రం సిస్టరమ్మ నా డ్రెస్సింగు విప్పింది. గుడ్డ లాగుతోంది. నేను దిండు కొరికి పట్టుకున్నాను. చప్పుడు రాలేదు. ఆవిడ చెయ్యి ఆగింది. "కేకెయ్యి బాబూ, ఏం పర్లేదు. ఇవాళ ఏమీ అనను" అంది. రాలేదు. ఎంత ప్రయత్నించినా రాలేదు. ఆవిడ గుడ్డ కుక్కుతూ తనలో తను ఏదో ప్రార్థన చెప్పుకుంది. చివర ఇద్దరి పేర్లు వినపడ్డాయి. ఒకటి నాది.

ఇంటికి పంపేటప్పుడు సర్జన్ గారు బావకి గట్టిగా చెప్పారు. గాయం పూడేదాకా చుట్టూ ఒక్క వెంట్రుక కూడా ఉండకూడదు, పడితే మళ్ళీ మొదటికొస్తుంది, వారం వారం గొరగాలి అని. బావ తలూపాడు. గోపాలపట్నంలో మంగలిని పిలుద్దామంటే నేను ఒప్పుకోలేదు. (రెండు నెలల పాటు సగం మెడికల్ కాలేజీ చూసిన చోటుకి అంత సిగ్గు ఎక్కడినుంచి వచ్చిందో!) బావే రేజరు అందుకున్నాడు. ఆదివారం పొద్దున్నే తలుపు గడియ పెట్టి, నన్ను బోర్లా పడుకోబెట్టి, అద్దాలు పెట్టుకుని, లేతు మీద ఇనప ముక్క చూసినట్టు చూసేవాడు. "కదల్కు. గీత పడితే మీ అక్క నన్ను సంపుతాది." పని అయ్యేదాకా ఊపిరి కూడా సరిగ్గా తీసేవాడు కాదు. మీసాలున్న మనిషి, పండక్కి కూడా నా భుజం మీద చెయ్యి వెయ్యని మనిషి. ఆ పని గురించి బయట ఒక్క మాట కూడా అనలేదు. ఒక్కసారి మాత్రం, గాయం ఎర్రదనం పోయి చుట్టూ తెల్లటి చర్మం అల్లుకోవడం చూసి, "పూడతందిరా" అని అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

పూర్తిగా మానాక బావే తన వర్క్‌షాపులో నన్ను పనిలో పెట్టించాడు. లేతు పని నిలబడి చేసే పని. నాలాంటివాడి కోసమే కనిపెట్టారేమో అనిపించింది. ఎక్కడికి పోయినా "కూర్చో బాబూ" అనే లోకంలో, నిలబడ్డందుకు జీతమిచ్చే చోటు అది ఒక్కటే. రిటైరయ్యేదాకా నిలబడే ఉన్నాను.

ఆ పని ఇంకా దొరక్కముందు, వానలు మొదలయ్యాక ఒక రోజు సర్జన్ గారు చూసి, మానిపోయింది, ఇక మామూలుగా కూర్చో అన్నారు. ఇంటికొచ్చాను. అక్క వంటింట్లో పీట వాల్చి దాని మీద తలగడ వేసి, తలగడ మీద దుప్పటి మడిచి వేసింది. "ఏటే ఇది, పట్టాభిసేకమా?" అన్నాడు బావ. తలగడా దుప్పటీ తీసేసి, వట్టి పీట మీద, గోడ పట్టుకుని మెల్లగా దిగాను. చెక్క చల్లగా తగిలింది. ఇద్దరూ నా మొహం చూస్తున్నారు. నొప్పి లేదు. అక్క చేపల పులుసు వడ్డిస్తూ ముక్కు ఎగబీల్చింది. "కూకోడానికి కూడా ఏడుపేటే?" అని కసిరి బావ పెరట్లోకి పోయాడు. చెయ్యి కడుక్కోవడానికట. ఇంకా ముద్దైనా ముట్టలేదు.

అన్నం అయిపోయింది. కంచం తీసేశారు. బావ డ్యూటీకి పోయాడు. నేను లేవలేదు. అంతకుముందు ఇరవై రెండేళ్ళూ కూర్చున్నాను కానీ, కూర్చోవడం అంటే ఏమిటో నాకు అప్పుడే తెలిసింది. చూరు నుంచి వాన నీళ్ళు పడుతున్నాయి. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని అలా చూస్తూనే ఉన్నాను. ఇప్పుడు ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. వాడికి ఉద్యోగం లేదు, చేతిలో పైసా లేదు, ముందు ఏమవుతుందో తెలియదు. వాడి మొహం మాత్రం ఊరంతా తనదే అయినట్టు ఉంది.

అక్క చీపురు పట్టుకుని వచ్చి నిలబడింది. "లెగరా, ఇల్లు తుడవాల."

"ఇంకాసేపు కూకుంటానే అక్కా."

ఆవిడ నా చుట్టూ తుడుచుకుంటూ పోయింది.